రెండిళ్ల పిల్ల

సోమవారం ఉదయం జడ వేయించుకుంటూ గువ్వ మళ్లీ ఆ మాటే అంది.

"అమ్మా, నాన్న దగ్గర నాకు బాగోదు."

తల్లి చేతిలో దువ్వెన ఆగిపోయింది. "ఏమైంది? ఏమన్నా అన్నారా?"

"ఏమీ అనలేదు. ఊరికే... అక్కడ నిద్ర పట్టదు. నీ పక్కన పడుకుంటేనే పడుతుంది."

"నా తల్లే!" అంటూ ఆమె ఆ చిన్న తలను దగ్గరకు అదుముకుంది. పిల్ల బాధపడుతోందంటే ఏ తల్లికైనా కడుపు తరుక్కుపోతుంది. ఆమెకూ తరుక్కుపోయింది. కానీ ఉన్నమాట చెప్పుకోవాలంటే, ఆ బాధ అడుగున ఎక్కడో ఆమెకు కాస్త చల్లగా కూడా అనిపించింది. ఆ చల్లదనం ఏమిటని తనను తాను అడుక్కోలేదు. అడిగితే జవాబు నచ్చదని తెలుసు.

గువ్వకు పదకొండేళ్లు. తల్లీతండ్రీ విడిపోయి రెండేళ్లయింది. బడి ఉన్న రోజులు తల్లి దగ్గర, శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం సాయంత్రం దాకా తండ్రి దగ్గర ఉండాలని కోర్టు చెప్పింది. పిల్ల ఖర్చులకు తండ్రి నెలనెలా భరణం ఇస్తున్నాడు. కాగితం మీద చూస్తే అంతా సవ్యంగానే ఉంది.

తల్లి కట్టుడు పళ్ల సెట్లు తయారుచేసే ల్యాబ్‌లో పనిచేస్తుంది. మైనంలో పన్ను పక్కన పన్ను అమర్చి, ఎవరిదో నవ్వు నిలబెడుతుంది. ఆ ఊళ్లో సగం మంది ముసలివాళ్ల నవ్వు ఆమె చేతి చలవే. ఆమె మొహాన మాత్రం శుక్రవారం సాయంత్రమయ్యేసరికి నవ్వన్నది మచ్చుకైనా ఉండేది కాదు. గువ్వ సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగాక ఇల్లు ఒక్కసారిగా పెద్దదైపోయేది. ఒక్కదానికి పొయ్యి వెలిగించడం ఎందుకులే అని బ్రెడ్డు ముక్క నమిలేది. పక్కగదిలో ఎవరో ఉన్నట్టుంటుందని అక్కడ లైటు వేసి ఉంచేది. శనివారమంతా ఎవరితోనూ మాట్లాడకుండా గడిచిపోతే, ఆదివారం గొంతు విప్పబోయేసరికి అది బొంగురుపోయి ఉండేది.

అందుకే గువ్వ మాట ఆమె చెవిలో మామూలు మాటగా పడలేదు. గోరంత మాట కొండంతై లాయరమ్మ బల్ల దాకా వెళ్లింది.

"ఒకసారి ఆర్డరు వచ్చాక ఊరికే మార్చరమ్మా," అంది లాయరమ్మ. "పరిస్థితులు మారాయని చూపించాలి. పాప ఏమంటోంది?"

"అక్కడ ఉండలేనంటోంది. వారం వారం అదే మాట."

"అయితే అదే రాద్దాం. రాత్రిళ్లు అక్కడ ఉండక్కర్లేదని, నెలకోసారి ఆయనే పగటిపూట వచ్చి చూసుకుంటే చాలని అడుగుదాం."

అర్జీ వేసి నెల తిరక్కుండానే తండ్రి తరఫు నుంచి జవాబు వచ్చింది. పిల్ల తల్లి దగ్గర సంతోషంగా లేదట. బడి రోజుల్లోనూ తనతోనే ఉండాలట. పిల్ల తన దగ్గరే ఉంటుంది కాబట్టి భరణం కూడా ఆపెయ్యాలట.

"చూశారా? ఇదీ సంగతి!" అందామె లాయరమ్మతో, ఒళ్లు మండిపోయి. "డబ్బు ఎగ్గొట్టడానికి పిల్లను అడ్డం పెట్టుకుంటున్నాడు."

విచారణకు ముందు ఇద్దరూ ఒకసారి కౌన్సెలర్ దగ్గర కూర్చుని మాట్లాడుకోవాలన్నారు. చిన్న గది, గుండ్రటి బల్ల. జుట్టు నెరిసిన పెద్దావిడ మధ్యలో కూర్చుంది. గువ్వను బయట వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టారు.

తండ్రి ఫ్రిజ్ మెకానిక్. ఎంత కడిగినా గోళ్ల అంచుల్లో నలుపు పోని చేతులు. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు కానీ కాలరు వెనక మడతపడి ఉంది. ఒకప్పుడైతే ఆమె చెయ్యి దానంతటదే వెళ్లి సరిచేసేది. ఇప్పుడు ఆ చేతిని ఒడిలో గట్టిగా పట్టుకుని కూర్చుంది.

"ముందు మీరు చెప్పండి బాబూ," అంది పెద్దావిడ.

"నేను చెప్పేదేముందండీ, పాపే చెప్తోంది. ఆదివారం సాయంత్రం బండి దిగనంటుంది. 'అమ్మ దగ్గర నాకు బాగోదు నాన్నా, అక్కడ నిద్ర పట్టదు, నీ దగ్గరైతేనే పడుతుంది' అంటుంది. అది విన్నాక ఏ తండ్రి ఊరుకుంటాడండీ?"

"అబద్ధం!" ఆమె దిగ్గున లేచింది. "ఆ మాట నాతో అంది, మీ గురించి! నిద్ర పట్టదన్నది మీ ఇంట్లో!"

"నీకు అలా వినిపించిందేమో."

"నాకేం చెవుడు లేదు. మీరే నూరిపోసుంటారు దానికి."

"నూరిపోసింది నువ్వు! వారంలో ఐదు రోజులు నీ దగ్గరుండే పిల్లకి నేనేం నూరిపోస్తాను? రెండు రోజుల్లో?"

"భరణం తప్పించుకోవడానికి ఎంతకైనా దిగజారతారు!"

"డబ్బు మాటెత్తకు. ఒక్క నెల ఆలస్యం చేశానా? చెప్పు, చేశానా?"

చెయ్యలేదు. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు. అందుకే గొంతు ఇంకా పెంచింది. పెద్దావిడ చెయ్యెత్తేలోపు తలుపు తెరుచుకుంది.

గువ్వ గుమ్మంలో నిలబడి ఉంది. కళ్లు ఎర్రబడ్డాయి.

"నాకెవరూ నేర్పలేదు. నేనే చెప్పాను. ఇద్దరికీ నేనే చెప్పాను."

పెద్దావిడ కుర్చీ పక్కకు జరిపి, పిల్లను దగ్గరకు తీసుకుంది.

"ఎందుకమ్మా అలా చెప్పావు?"

గువ్వ నేలచూపులు చూస్తూ వేలికి చున్నీ కొస చుట్టుకుంది. "నాన్న ఇంట్లో బావుందంటే అమ్మ మొహం చిన్నబోతుంది. ఒకసారి నాన్నా నేనూ పాత ఫ్రిజ్ విప్పి బాగుచేశామని చెప్పాను. అమ్మ 'అలాగా' అని బాత్రూంలోకెళ్లి పంపు తిప్పింది. చాలాసేపు తిప్పింది. అమ్మ దగ్గర బావుందంటే నాన్న టీవీ సౌండు పెంచేస్తాడు. బాగోదంటే ఇద్దరూ దగ్గరకు తీసుకుంటారు."

"మరి నిజంగా ఎక్కడ బావుంటుంది నీకు?"

"రెండు చోట్లా బానే ఉంటుంది. వచ్చేసేటప్పుడే బాగోదు. నేను లేకపోతే అమ్మ ఏమీ తినదు. సింకులో ఒక్క కప్పే ఉంటుంది. నాన్నేమో మంచం మీద పడుకోడు, సోఫాలోనే టీవీ పెట్టుకుని పడుకుంటాడు. నాకు తెలుసు." అని ఇక ఆపుకోలేక ఏడ్చేసింది. "కోర్టు దాకా వస్తారని నాకు తెలీదు."

పెద్దావిడ పిల్ల వీపు నిమురుతూ ఇద్దరి వంకా చూసింది. "కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. మీలో కప్పెవరో పామెవరో నేనడగను లెండి. మధ్యలో ఉన్నది మాత్రం పదకొండేళ్ల పిల్ల."

తల్లి కుర్చీలో కూలబడింది. పిల్ల తనకు అబద్ధం చెప్పిందని కాదు, ఆ అబద్ధం తనకెంత తియ్యగా ఉందో తలుచుకుని ఆమెకు తల కొట్టేసినట్టయింది. వారం వారం 'బాగోదు' అన్న మాట కోసం తను ఎదురుచూసింది. ఆకలేసినవాళ్లకు పెట్టినట్టు పిల్ల ఆ మాట పెట్టింది. తల్లిని తనే సాకుతున్నట్టు, తండ్రినీ తనే సాకుతున్నట్టు, రెండిళ్ల దిగులూ ఆ చిన్న సంచీలో వేసుకుని తిరిగింది.

ఇద్దరూ అర్జీలు వెనక్కి తీసుకున్నారు. పాత ఆర్డరు అలాగే ఉండిపోయింది. వరండాలో విడిపోయే ముందు ఆయన తటపటాయించి అన్నాడు.

"నీ దగ్గర బానే ఉంటుందట."

"మీ దగ్గర కూడా," అందామె. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "కాలరు సరిచేసుకోండి," అని మెట్లు దిగిపోయింది.

శుక్రవారం వచ్చింది. చెప్పులు వేసుకుంటూ గువ్వ అలవాటుగా మొదలుపెట్టింది. "అమ్మా, నాకు వెళ్లాలని..."

"ఉంది," అంది తల్లి ఎదురుగా నేల మీద కూర్చుని. "నీకు వెళ్లాలని ఉంది. ఉండాలి కూడా. విను గువ్వా, నువ్వు వెళ్తే నాకు ఇల్లు బోసిపోతుంది. లేదని చెప్పను. ఒక్కోసారి ఏడుపొస్తుంది కూడా. కానీ ఆ ఏడుపు నాది. దాన్ని నువ్వు మొయ్యక్కర్లేదు."

"మరి తింటావా?"

"తింటాను."

"ఒట్టు?"

"పోవే పెద్దమ్మా!" అని నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది. పిల్ల వెళ్లాక తలుపు వేసి, దానికి వీపు ఆనించి చాలాసేపు నిలబడింది. ఇల్లు ఎప్పట్లాగే పెద్దదైపోయింది. తర్వాత వంటింట్లోకెళ్లి తనొక్కదానికే పొయ్యి వెలిగించింది.

ఆదివారం సాయంత్రం గువ్వ వచ్చింది. గుమ్మంలోనే ఆగి, తల్లి మొహంలోకి పరీక్షగా చూసింది.

"ఎలా ఉంది అక్కడ?" అని తల్లే అడిగింది.

పిల్ల సంచీ పట్టీని వేలికి చుట్టుకుంది. "బావుంది."

తల్లి కదల్లేదు.

"చాలా బావుందమ్మా," అంది గువ్వ, ఇంకా ఆమె కళ్లలోకే చూస్తూ.

ఆ మాట ఎక్కడ గుచ్చుకోవాలో అక్కడే గుచ్చుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె వాటిని దాచుకోలేదు, బాత్రూం వైపు నడవలేదు. కుర్చీ లాగి పిల్ల ఎదురుగా కూర్చుంది.

"ఇంకా చెప్పు," అంది.