దారిచ్చినందుకు థ్యాంక్స్

"వదులు! నన్ను వద..."

లారీ డ్రైవర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునే రేడియోలో ఆడపిల్ల కేక. ఠక్కున తెగిపోయింది.

వెర్నా కాలు బ్రేకు మీదకు పోయి ఆగుతుంది.

బయట మంచు కొడుతోంది. నవంబరు సాయంత్రం. ఇంకా భోజనాల వేళ కాలేదు గానీ వ్యోమింగ్ కొండల మీద అప్పుడే చీకటి కమ్మేసింది. గాలి వెనక ట్రైలర్‌ని పట్టుకుని పక్కకు తోస్తోంది. ఈ వాతావరణంలో హైవే మీద లారీలు తప్ప ఏం తిరగవు.

"ఎవరి మైకది? ఎవరి బండిలో ఆ పిల్ల?" వెర్నా మైకులో అరుస్తుంది.

గరగర...

తర్వాత ఒక గొంతు వస్తుంది. మెత్తగా, నిదానంగా. పాస్టర్ గొంతు.

నిజం పాస్టర్ కాదు, ఆయనా లారీ డ్రైవరే. రేడియోలో ఎవరూ సొంత పేర్లు వాడరు. వెర్నా పేరు కందిరీగ. ఆమె ముందు వెళ్తున్న ఆర్విల్ పేరు గుమ్మడికాయ. సగం బండి రంగు వల్ల, సగం పొట్ట వల్ల. ఇక ఈయన, ఈ హైవే మీద హత్యకు గురైన ఆడపిల్లల కోసం ప్రతి ఆదివారం రేడియోలో ప్రార్థన చేస్తాడు. ఆ గొంతు వినగానే మొరటు డ్రైవర్లు కూడా టోపీలు తీసేస్తారు. అందుకే పాస్టర్.

"నేను చూశాను తల్లీ," అంటాడు పాస్టర్. "ఇందాక కాఫీకి ఆగినచోట ఎర్ర టోపీ పిల్ల నీలం లారీ ఎక్కింది. నడిపేవాడికి ఇంత గడ్డం. వాడే... మనం వెతికేది వాడినే."

ఎర్ర టోపీ!

ఆ పిల్లని వెర్నా కూడా అక్కడే చూసింది. కోలీన్ అట పేరు. చలికి చేతులు రుద్దుకుంటూ, రేపు పండగ, పండగ టర్కీ కోడిని కోసేలోపు అమ్మ దగ్గరుండాలి అంది. నా బండి ఎక్కు అని వెర్నా పిలిచింది. మీకెందుకు శ్రమ, ఒక మంచాయన తీసుకెళ్తానన్నాడు అని నవ్వింది.

మంచాయన!

నీలం లారీ ముందే ఉంది. దాని వెనక ఆర్విల్. ఆర్విల్ వెనక వెర్నా. ఆమె వెనక పాస్టర్. పోలీసులకు కబురు వెళ్ళింది గానీ వాళ్ళు కొండ అవతల మంచులో ఇరుక్కుపోయారట. ఎప్పుడొస్తారో వాళ్ళకే తెలియదట.

"పోలీసులతో పనేంటి?" ఆర్విల్ గొంతు మండిపోతోంది. "ముందుకెళ్ళి వాడికి అడ్డం పడతా. మీరు వెనక మూసెయ్యండి. కందిరీగా, భయమేస్తే పక్కన ఆపుకో."

"నీ పొట్ట తిరిగేలోపు నా బండి తిరుగుతుంది. పద."

భయమా! అది ఏడేళ్ళ కిందటే అయిపోయింది.

అప్పుడు వెర్నాకి లారీ లేదు. రోడ్డు పక్కన లిఫ్ట్ కోసం బొటనవేలు చూపించి ఒక బండి ఎక్కింది. లోపల చీకటి. నడిపేవాడు ఒక్క మాట మాట్లాడలేదు. ఉన్నట్టుండి మోకాళ్ళతో స్టీరింగ్ పట్టి, రెండు చేతులూ ఆమె మెడకు వేశాడు. ఎలాగో దూకి బతికింది. పోలీసు ఆఫీసరు కాఫీ తాగుతూ ఒకటే ప్రశ్న వేశాడు. ఆడదానివి, రోడ్డు మీద నీకేం పని?

ఆ ప్రశ్నకి జవాబుగానే లైసెన్సు తీసుకుంది. ఇప్పుడు రోడ్డే ఆమె పని.

ఆ తర్వాత మంచు కరిగినప్పుడల్లా ఒక శవం బయటపడింది. పేపర్లవాళ్ళు హంతకుడికి 'హైవే రాజు' అని పేరు పెట్టి అమ్ముకున్నారు. రాజట! ఏం రాజ్యం ఏలాడని? వెర్నా ఆ పేరు ఏనాడూ పలకలేదు. చచ్చిన పిల్లల పేర్లు మాత్రం కంఠతా వచ్చు.

ముందు ఆర్విల్ నీలం లారీని దాటేస్తున్నాడు. నారింజరంగు బండి మంచులో ఊగిపోతోంది.

"కందిరీగా, నువ్వు కుడిపక్కకి జరుగు," పాస్టర్ అంటాడు. "నేను ముందుకెళ్తా. నా దగ్గర పిస్తోలుంది. వాడి సంగతి నేను చూసుకుంటా."

సబబుగానే ఉంది. వెర్నా జరుగుతుంది.

పాస్టర్ లారీ పక్కనుంచి వస్తోంది. పెద్ద తెల్ల బండి. చక్రాలు ఎగజిమ్మిన బురద ఆమె అద్దాన్ని కప్పేస్తుంది. వైపర్ తుడుస్తుంది. తెల్ల ట్రైలర్ తోక ఆమె ముక్కు దాటింది.

వెర్నా డిప్పర్ కొడుతుంది. దాటేశావు, ఇక ఇటు వచ్చేయ్ అని.

ఇది ఈ రోడ్డు మర్యాద. ట్రైలర్ తోక ఎక్కడుందో నడిపేవాడికి సరిగా కనపడదు, వెనకవాడే చెప్పాలి. చెప్పినందుకు ముందున్నవాడు తన వెనక లైట్లు ఆర్పి వెలిగించి థ్యాంక్స్ చెప్పాలి. డ్రైవర్లు అమ్మని తిట్టినా ఊరుకుంటారు గానీ ఈ థ్యాంక్స్ ఎగ్గొడితే ఊరుకోరు. ఒక్కో చేతిది ఒక్కో తీరు.

పాస్టర్ లైట్లు ఆరతాయి. వెలుగుతాయి.

పొట్టిగా ఒకటి.

పొట్టిగా ఇంకొకటి.

పొడుగ్గా... ఒకటి.

ఈ తీరు వెర్నాకి తెలుసు.

ఆ రాత్రి! మెడ చుట్టూ చేతులు. కళ్ళు మూతలు పడుతున్నాయి. అప్పుడే వాడి బండి ఇంకో లారీని దాటింది. వెనకనుంచి ఎవరో డిప్పర్ కొట్టారు. అంతే! మెడ నులిమేవాడు ఒక చెయ్యి తీసి స్విచ్ నొక్కాడు. మీటర్ల దగ్గర వెలుగు ఆరి వెలిగింది. పొట్టిగా రెండు, పొడుగ్గా ఒకటి. మనిషిని చంపుతూ కూడా మర్యాద మరచిపోలేదు! ఆ ఒక్క చెయ్యి తీసిన సందులోనే ఆమె తలుపు తోసి దూకింది.

ఏడేళ్ళుగా ఈ రోడ్డు మీద తనని దాటిన ప్రతి బండికీ డిప్పర్ కొడుతూ ఎదురుచూసింది ఈ మూడు మెరుపుల కోసమే. పాస్టర్ బండి తనని దాటడం ఇదే మొదటిసారి.

ఇన్ని ఆదివారాలు వాడి ప్రార్థనకి తను కూడా ఆమెన్ చెప్పింది. ఛీ! నోరు కడుక్కోవాలనిపిస్తోంది.

అంటే కోలీన్ నీలం లారీలో లేదు. ఆ తెల్ల బండిలోనే ఉంది. మైక్ పొరపాటున నొక్కుకుపోయింది. అందరూ విన్నారు. అందుకే వాడు ముందుగా నోరు తెరిచి, కంటికి కనపడిన నీలం బండి మీద నెట్టేశాడు. ఇప్పుడు అందులో ఉన్న అమాయకుణ్ణి కాల్చేస్తే కథ ముగిసిపోతుంది. హంతకుడు పోయాడని ఊరంతా చప్పట్లు కొడుతుంది.

మైక్ నోటి దగ్గరకు వస్తుంది. ఆగుతుంది.

చెప్పకూడదు. వాడూ వింటున్నాడు. విన్న మరుక్షణం కోలీన్ పీక నులిమేస్తాడు.

వెర్నా గొంతు సవరించుకుంటుంది. తేనె పూసుకుంటుంది.

"పాస్టర్ గారూ, ఈ పుణ్యం మీకే దక్కాలి. నీలం బండికి ఆనుకునే ఉండండి. నేను మీ వెనకే ఉన్నా."

"దేవుడు నిన్ను దీవించుగాక, తల్లీ."

దీవిస్తాడులే.

ముందు ఆర్విల్ మెల్లగా బ్రేకు వేస్తున్నాడు. నీలం లారీ హారన్ మోగిస్తుంది, తప్పుకునే దారిలేక ఆగుతుంది. దాని వెనక తెల్ల బండి. కుడివైపు ఇనుప కంచె. మిగిలింది ఎడమ దారి, వెనక దారి.

వెర్నా స్టీరింగ్ ఒక్క తిప్పు తిప్పుతుంది. ఆమె లారీ రోడ్డుకు అడ్డంగా జారి, రెండు దార్లూ మూసేసి నిలబడుతుంది.

ఇప్పుడు పో, ఎక్కడికి పోతావో!

పాస్టర్ దిగుతాడు. చేతిలో పిస్తోలు. నీలం లారీ వైపు నడుస్తూ అరుస్తాడు.

"దిగరా గడ్డం వెధవా! చేతులు పైకెత్తి దిగు!"

నీలం లారీ అద్దాలన్నీ మంచు పట్టి తెల్లబడ్డాయి. లోపల ఎవరున్నారో కనపడదు. తలుపు తెరుచుకోదు.

వెర్నా టైర్లు తట్టి చూసే కర్ర తీసుకుని దిగుతుంది. గాలి చెంపలు వాయిస్తోంది. వంగి తెల్ల బండి అవతలి పక్కనుంచి ఎక్కి, సీటు వెనక పడక తెర లాగుతుంది.

ఎర్ర టోపీ.

చేతులు కట్టేసి, నోటికి టేపు. కళ్ళు తెరిచే ఉన్నాయి. బతికే ఉంది!

వెర్నా టేపు పీకుతుంది. పాస్టర్ మైకే తీసి ఆ పిల్ల నోటి దగ్గర పెడుతుంది.

"గట్టిగా చెప్పు. ఎవరివో, ఎక్కడున్నావో."

ఆర్విల్ బండి బయట, రేడియోకి తగిలించిన స్పీకర్ ఒకటి ఉంది. పాటలు పెట్టి ఆగిన ప్రతిచోటా జనాన్ని విసిగిస్తుంటాడు. ఆ స్పీకర్ ఇప్పుడు కొండల మధ్య మోగుతుంది.

"నేను కోలీన్‌ని! పాస్టర్ బండిలో ఉన్నా! వీడే నన్ను కట్టేసింది!"

అప్పుడే బండి దిగిన ఆర్విల్ నిలబడిన చోటే బిగుసుకుపోతాడు.

పాస్టర్ ఆగుతాడు. నెమ్మదిగా వెనక్కి తిరుగుతాడు. పిస్తోలు ఒకసారి ఆర్విల్ వైపు చూపిస్తాడు. ఆర్విల్ చేతులు పైకి లేస్తాయి. తర్వాత పిస్తోలు తెల్ల బండి వైపు తిరుగుతుంది.

వెర్నా కిందికి దిగి, కోలీన్‌కి అడ్డంగా తలుపు ముందు నిలబడుతుంది. చేతిలో ఒట్టి కర్ర.

"పక్కకి జరుగు తల్లీ." అదే మెత్తటి గొంతు.

"జరగను."

"చస్తావు."

"ఒకసారి ప్రయత్నించావుగా. నీ వల్ల కాలేదు."

వాడి మొహంలో మొదటిసారి ఏదో కదులుతుంది. దగ్గరకొచ్చి ఆమె మెడ వైపు చూస్తాడు. మఫ్లర్ జారిన చోట పాత మచ్చ.

"నువ్వా..." అంటాడు. "ఎలా తెలిసింది?"

వెర్నాకి నవ్వొస్తుంది. ఏడేళ్ళ తర్వాత, పిస్తోలు ముందు, నిజంగానే నవ్వొస్తుంది.

"దారిచ్చాను. థ్యాంక్స్ చెప్పావు."

వాడికి అర్థమవడానికి ఒక్క క్షణం పడుతుంది. పిస్తోలు ఆమె నుదుటికి లేస్తుంది.

వెర్నా కళ్ళు మూసుకోదు.

ఢాం!

...

పిస్తోలు మంచులో పడుతుంది. దాని పక్కనే పాస్టర్ బోర్లా పడతాడు. వాడి వీపు మీద కోటు ఎర్రగా తడుస్తోంది.

వాడి వెనక, నీలం లారీ అద్దం కిందికి దిగి ఉంది. అందులోంచి జింకల్ని వేటాడే తుపాకీ గొట్టం, పొగలు కక్కుతూ.

తుపాకీ వెనక ఒక ముసలావిడ. నెరిసిన జుట్టుకి, పండగకి ఉంగరాలు తిరగాలని చుట్టుకున్న ప్లాస్టిక్ రింగులు. మగాళ్ళ వాగుడు భరించలేక ఆవిడ రేడియో ఎప్పుడూ ఆపేసే ఉంచుతుంది. విన్నవల్లా వాడి అరుపు, ఆ స్పీకర్ కేక.

కింద పడ్డవాణ్ణి కిటికీలోంచి తేరిపార చూస్తుంది. చుబుకం ఒకసారి తడుముకుంటుంది.

"నాకు గడ్డం ఎక్కడ కనపడిందిరా నీకు?"