అల్లుడున్న ఇంట్లో కూతురు లేదు

"అల్లుడుగారికి ఈ రోజు ఏం నచ్చలేదో?"

టెస్టర్ ఇంకా కుర్చీ లాక్కోకముందే పక్క సీట్లోంచి డిజైనర్ అడిగింది. వరుసంతా నవ్వారు.

"మీ బటన్ రంగు" అన్నాడతను.

"నిన్న కూడా అదేగా నచ్చలేదు."

"నిన్నటి నుంచి మీరు మార్చలేదుగా."

ఆ కంపెనీలో అతణ్ణి అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. కారణం, ప్రతి సోమవారం ఇంటర్నెట్‌లో వచ్చే ఒక బొమ్మల కథ. గీస్తున్నది ఎవరో తెలియదు. "మనమంతా ఒకే కుటుంబం" అని మేనేజర్ మీటింగుల్లో అనే మాటను ఆ కథ నిజమని నమ్మేసింది. అందులో మేనేజర్ పెదనాన్న. సెలవు అడిగితే కళ్ళు ఒత్తుకునే హెచ్.ఆర్. మేడమ్ మేనత్త. ఏది ముందు పెట్టినా వంక పెట్టే టెస్టర్ కొత్త అల్లుడు.

వాళ్ళ కంపెనీ అమ్మేది వ్యాయామం నేర్పే యాప్. చేరడానికి ఒక్కసారి వేలు తాకిస్తే చాలు. మానేయాలంటే రద్దు బటన్ ఎక్కడుందో ఆ దేవుడికే తెలియాలి. తెల్లటి తెర మీద తెల్లటి బటన్ పెట్టమని డిజైనర్‌కు చెప్పింది మేనేజరే. "రద్దు బటన్ కనబడటం లేదు" అని టెస్టర్ రాసినప్పుడల్లా "అది బగ్ కాదు, ఫీచర్. తప్పు కాదు, కావాలని పెట్టిందే" అని తిప్పి పంపేదీ ఆయనే.

ఆ సోమవారం బొమ్మలో పెదనాన్న వీధి గుమ్మానికి గోడ రంగు పూయిస్తున్నాడు. 'చుట్టాలు వెళ్తామంటే గుమ్మం కనబడకూడదు' అంటున్నాడు. పక్కనే అల్లుడు గోడ తడుముకుంటున్నాడు.

మేనేజర్‌కు నవ్వు రాలేదు. టెస్టర్‌ను గదిలోకి పిలిచాడు.

"తప్పులు పట్టడం నీ పనే కదా. ఇది ఎవరు గీస్తున్నారో పట్టుకో. శుక్రవారం మీటింగులో అందరి ముందూ చెప్పు. చెప్పలేకపోతే నీ సీటు ఖాళీ చెయ్యి."

"పట్టుకున్నాక వాళ్ళనేం చేస్తారు సార్?"

"ఇంటికి పంపిస్తాం."

ఒకే కుటుంబమైతే ఇది ఇల్లు కాదా అని అడగబోయి, నాలుక కరుచుకున్నాడు.

అతను ఆ కథను మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాడు. టీ తాగుతూ చదివాడు. మధ్యమధ్య తలెత్తి డిజైనర్ వైపు చూశాడు. ఆమె చూస్తే తెర వైపు తిరిగాడు. మేనేజర్ గదిలోకి అతను వెళ్ళిరావడం ఆమె గమనించింది. బుధవారం ఎప్పుడూ లేనిది ఒక బొమ్మ అదనంగా వచ్చింది. అందులో అల్లుడు పెదనాన్న చొక్కా జేబులో కూర్చుని, భూతద్దంలోంచి చూస్తున్నాడు.

అది చూసి అతను టీ సగంలోనే వదిలేశాడు.

గురువారం సాయంత్రం, అందరూ ఇళ్ళకు బయల్దేరే వేళకు వాన పట్టుకుంది. మెట్ల దగ్గర డిజైనర్ ఒక పెద్ద నల్ల గొడుగు విప్పుతోంది. ఒక్క మనిషికి మరీ పెద్దది.

"జేబులోంచి దిగొచ్చారే" అంది.

"ఆ కథలో ఒక తప్పుంది. మీతో చెప్పాలి."

"దానికీ వంక పెట్టారా. ఏంటది?"

"అల్లుడంటే ఆ ఇంటి కూతురి మొగుడు కదండీ. పెదనాన్న ఉన్నాడు, మేనత్త ఉంది, బాబాయిలు, బావమరుదులు, అందరూ ఉన్నారు. కూతురే లేదు. మొదటి బొమ్మ నుంచీ వెతికాను. మన వరుసలో కూర్చునే వాళ్ళందరూ ఉన్నారు, ఒక్కరు తప్ప."

గొడుగు కాస్త పక్కకు వాలింది. ఆమె భుజం తడుస్తోంది.

"ఎవరికి చెప్పారు?"

"మీకే. తప్పు ఎవరిదో ముందు వాళ్ళకే చెప్పడం మా పద్ధతి."

ఆమె గొడుగు పిడిని వేలితో తడిమింది.

"కూతుర్ని గీయాలంటే ఎవరి కూతురో కూడా గీయాలి. నాన్న పోయాక అక్కడికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోతోంది. ఈ గొడుగు ఆయనదే."

అతనికి తోచిన మాటలన్నీ చిన్నవిగా కనబడ్డాయి. గొడుగు పిడి అందుకుని, ఆమె భుజం మీదికి జరిపాడు. ఇప్పుడు అతని భుజం తడుస్తోంది.

"తొందరేం లేదు" అన్నాడు చివరికి. "కానీ ఇంకెవరినో తెచ్చి కూతురంటే మాత్రం నేను ఒప్పుకోను."

"ఇది ఫిర్యాదా, ఇంకేమైనానా?"

"మీరెలా అనుకుంటే అలా."

"అలా కాదు, తేల్చి చెప్పండి. టెస్టర్ కదా."

"ఇంకేమైనానే."

ఆమె నవ్వు ఆపుకోవడానికి కిందికి చూసింది. "మరి రేపు పేరు చెప్పకపోతే మీ సీటు పోతుందట. మేనత్త చెప్పింది."

"ఆ కుర్చీ ఎలాగూ కిర్రుమంటోంది."

శుక్రవారం మీటింగులో మేనేజర్ బల్ల మీద చేతులు ఆనించి అడిగాడు. "ఎవరో తేలిందా?"

"తేలింది సార్. చెప్పను."

"అయితే నీ కార్డు ఇటు పెట్టి..."

"ఆయన్ని వదిలెయ్యండి" అంటూ డిజైనర్ లేచింది. "గీసింది నేనే, పెదనాన్నా."

సార్ అనే అనబోయింది, నోరు జారింది.

"ఎవరు పెదనాన్న?" అన్నాడు మేనేజర్. అందరూ ఆయన వైపే చూశారు. ముందు ఫక్కుమన్నది మేనత్త. తర్వాత ఎవరినీ ఆపడం ఎవరి తరమూ కాలేదు.

ఉద్యోగాలు పోయి, సామాన్లు సర్దుకుని ఇద్దరూ గుమ్మం దాకా వచ్చారు. తలుపు తెరుచుకోవడానికి టెస్టర్ తన ఆఫీసు కార్డు పెట్టాడు. ఎర్ర దీపం. ఆమె పెట్టింది. మళ్ళీ ఎర్ర దీపమే.

"చూశారా" అన్నాడతను. "ఇక్కడ రద్దు బటన్ బ్రహ్మాండంగా పనిచేస్తోంది."

ఆమె తలుపుకు ఆనుకుని, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. మేనత్త వెనకాలే వచ్చి తన కార్డుతో తలుపు తీసింది. "సోమవారం నన్ను కాస్త సన్నగా గియ్యమ్మా" అని చెవిలో చెప్పి వెళ్ళిపోయింది.

ఆదివారం డిజైనర్ కొత్త బొమ్మను ముందు వాళ్ళమ్మకు చూపించింది. గుమ్మానికి పూసిన రంగు గీకేసి ఉంది. తలుపు బార్లా తీసి ఉంది. గడప అవతల వానలో కూతురు నిలబడి ఉంది. ఆమెకు నల్ల గొడుగు పట్టింది వాళ్ళ నాన్న. ఒక భుజం తడుస్తున్నా పట్టించుకోకుండా అల్లుడు ఆ గొడుగు అంచున నిలబడ్డాడు.

అమ్మ చాలాసేపు చూసింది.

"మీ నాన్న ముక్కు అచ్చం దిగిందే" అంది. పైట చెంగుతో కళ్ళద్దాలు తుడుచుకుని, వేలు పక్కకు జరిపింది. "పాపం తడిసిపోతున్నాడు. ఈ అబ్బాయిని లోపలికెప్పుడు పిలుస్తావు?"

సోమవారం ఆ బొమ్మ కింద ఎందరో ఏవేవో రాశారు. టెస్టర్ మాత్రం తన పద్ధతిలో ఒక్క ముక్క రాశాడు.

'సరిచూశాను. వంక లేదు.'