అతను పెట్టిన పరీక్ష

కళ్ళజోళ్ళ దుకాణంలో లోపలి చీకటిగది అతనిది. కుర్చీలో కూర్చున్న ఆమె ముక్కు మీద ఇనుప చట్రం పెట్టి, గాజుబిళ్ళలు మార్చి మార్చి అడుగుతున్నాడు.

"ఇది బాగుందా? ఇదా?"

"రెండూ బాగున్నాయండీ."

"అమ్మా, నా మనసు నొచ్చుకుంటుందని చూడకు. అక్షరాలు కనిపిస్తున్నాయా లేదా?"

"లేదండీ. కానీ చదివేస్తా."

"కనిపించకుండా ఎలా చదువుతావ్?"

"అలవాటేగా!"

ఆమె పాత జోడు తీసి చూశాడు. ఆ నంబరుకూ ఆమె కళ్ళకూ సంబంధమే లేదు. "తలనొప్పి రాలేదా?" అంటే, "వచ్చింది, సర్దుకుపోయింది" అని నవ్వింది.

బయట వాన దంచుతోంది. వెలిసేదాకా ఆగిన మనిషి ఊరికే ఉండక, వచ్చినవాళ్ళకు ఫ్రేములు చూపించి ఇద్దరిచేత కొనిపించింది. ఓనరు అక్కడికక్కడే ఉద్యోగమిచ్చేశాడు.

అతను ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా ఒకే హాస్టల్ బడిలో పెరిగినవాడు. గంట కొడితే లేవాలి, గంట కొడితే తినాలి, పిలిస్తేనే లోపలికెళ్ళాలి. ఇప్పుడు కొట్టేవాడు లేకపోయినా ఆ గంట లోపల మోగుతూనే ఉంటుంది. భోజనం వేళ దాటితే ఆ రోజుకిక పస్తే.

"ఏం మాస్టారూ, ఇంకా గంట కాలేదా?" అని ఆమె ఏడిపించేది.

"నీకేం తెలుసు గంటల బడి సంగతి!"

"తెలుసు, ఆర్నెల్లు చదివా. రేకులషెడ్డు బడిలోనూ చదివా. అంతా మగపిల్లలే ఉన్న బడిలో నేనొక్కదాన్నే ఆడపిల్లని. మా నాన్నది రోడ్లేసే పని. రోడ్డు అయిపోతే బడి అయిపోయేది."

"మరి స్నేహితులు?"

"ఏ బడికెళ్తే ఆ బడి నవ్వు నేర్చుకునేదాన్ని."

ఓ మధ్యాహ్నం బేరాలు ఎక్కువై ఆమెకు భోజనం ఆలస్యమైంది. వేళ దాటిపోతున్నా అతను క్యారేజీ విప్పకుండా కూర్చున్నాడు. తనకేమయిందో అప్పుడు తెలిసింది పాపం.

మళ్ళీ ముసురు పట్టిన రోజున, ఫ్రేములు తుడుస్తూ ఆమే ఎత్తింది మాట. "ఆదివారం నన్ను చూడ్డానికి పెళ్ళివారొస్తున్నారు. రమ్మనమన్నా."

"అబ్బాయి నచ్చాడా?"

"ఫోటోలో బాగానే ఉన్నాడు. కాస్త టైమిస్తే ఎవరైనా బాగానే ఉంటారు మాస్టారూ."

"అదే నేనడిగితే?"

ఆమె చెయ్యి ఆగింది. తలెత్తకుండానే అంది, "సరే అంటా."

ఎగిరి గంతెయ్యాల్సింది పోయి గోడకు కొట్టిన మేకులా నిలబడిపోయాడు. "ఆ సరే, ఈ సరే ఒకటేనా? నాకెలా తెలుస్తుంది?"

"అడిగితే తెలుస్తుంది."

"అడిగితే రెండూ బాగున్నాయంటావుగా!"

ఆమె గుడ్డ మడిచి పక్కన పెట్టింది. "ఒక బడిలో నాకొక స్నేహితురాలుండేది. రానంటే రానని గేటు పట్టుకున్నా. నాన్న ఒక్కో వేలూ ఊడదీశాడు. ఆ తర్వాత దేన్నీ గట్టిగా పట్టుకోలేదు. ఇప్పుడు పట్టుకుందామనుకున్నా."

అక్కడితో ఊరుకోవచ్చుగా! మార్కులు చూడందే నమ్మని హాస్టల్ బుద్ధి ఊరుకోనిస్తేనా? "అయితే వాళ్ళకి వద్దని చెప్పిరా. అప్పుడు నమ్ముతా."

"నాకు పరీక్ష పెడుతున్నావా?"

అతను గాజుబిళ్ళల పెట్టె సర్దడం మొదలెట్టాడు.

"సరే" అని వెళ్ళిపోయింది.

సోమవారం ఉబ్బిన కళ్ళతో వచ్చింది. "చెప్పేశా, వద్దని. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి. అమ్మ ఏడుస్తూనే ఉంది. నాన్న నా మొహం చూడట్లేదు."

అతని మొహం చాటంత అయింది. "నేనిప్పుడే వచ్చి మీ నాన్నగారితో..."

"వద్దు."

"అదేంటి?"

"నువ్వంటే ఇష్టమే. ఇష్టం కాబట్టే చెప్పేసి వచ్చా. కానీ నువ్వు నన్ను నమ్మడానికి మా అమ్మ ఏడవాల్సొచ్చింది. రేపు ఇంకోటి రుజువు చెయ్యమంటావ్. చేస్తా. ఎల్లుండి మరోటి. అదీ చేస్తా. నేను సర్దుకుపోతా, నాకదే భయం."

పిన్నివాళ్ళ ఊళ్ళో పని చూసుకుందట. ఓనరుకు చెప్పేసి, గొడుగు విప్పుకుని వెళ్ళిపోయింది.

తేరుకుని వానలోనే బస్టాండుకు పరుగెత్తాడు. బస్సు ఇంకా కదల్లేదు. కిటికీ పక్కనే ఉంది ఆమె. పక్కసీట్లో ముక్కూమొహం తెలియని ముసలావిడ పళ్ళన్నీ కనబడేలా నవ్వుతోంది, ఈమె అప్పుడే ఆవిడలాగే నవ్వుతోంది. నవ్వుతూనే చున్నీతో కళ్ళొత్తుకుంటోంది.

అద్దం మీద తట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పిలుస్తుందేమోనని ఆగాడు. ఆమె ఇటు చూడలేదు. బస్సు వెళ్ళిపోయింది.

నీళ్ళోడుతూ దుకాణానికి తిరిగొచ్చిన అతన్ని ఓనరు ఎగాదిగా చూశాడు.

"కొత్తమనిషిని వెతుకుదాంలేవయ్యా. అందాకా ఎలాగోలా నువ్వే సర్దుకో."

"నాకది రాదండీ" అన్నాడతను.