స్టాంపు పడిన క్షమాపణ

నరహరి దృష్టిలో కాగితం మీద లేనిదేదీ లోకంలో లేనట్టే. పాలు పలచగా వస్తున్నాయని పాలవాడికి సైతం "విషయం" అని గీత గీసి అర్జీ రాసి, జిరాక్సు మీద సంతకం పెట్టించుకున్న మనిషి. యూనివర్సిటీ ఆఫీసులో ముప్పై ఏళ్ళు ఫైళ్ళు మోసిన చేతులు మరి. పెళ్ళిచూపుల నాడు తనను చూసినందుకు రసీదు అడగకపోవడమే భార్య భాగ్యకు ఇప్పటికీ ఆశ్చర్యం.

ఆ ఉదయం మాత్రం ఆయన పెన్ను ముట్టలేదు. తార్నాక ఫ్లాటు బాల్కనీలో నిలబడి, కింద ఆగే ప్రతి బండినీ చూస్తున్నాడు. చేతిలో చాయ్ మీగడ కట్టింది.

అంతా కూతురు ధరణి పాట వల్ల. ఆయన పనిచేసిన క్యాంపస్‌లోనే ఎం.ఏ. చదువుతున్న ఆ పిల్ల, సర్కారు కొలువుల ప్రకటన కోసం ఏళ్ళుగా ఎదురుచూస్తున్న సీనియర్ల మీద ర్యాప్ కట్టింది. ముఖానికి చున్నీ చుట్టుకుని, "కారంపొడి" అని పేరు పెట్టుకుని, వారం కిందట యూట్యూబులో వదిలింది.

"ఓటడిగినప్పుడు అన్నవైతివి,
కొలువడిగినప్పుడు ఎవరంటివి?"

ఏ నాయకుడి పేరూ అందులో లేదు. అయినా ఎవరి మీదో అందరికీ తెలిసిపోయింది. నాలుగు లక్షల మంది విన్నారు. భాగ్య కూడా బీరకాయ చెక్కు తీస్తూ కూనిరాగం తీసి, భర్త చూపుకు నాలుక కరుచుకుంది. కానీ బెల్లు మోగితే ఆమె కూడా తలుపు సందులోంచి చూశాకే తీస్తోంది. ఒక్క కేసు పడితే చాలు, పిల్ల జన్మలో సర్కారు కొలువు మొహం చూడదు.

తొమ్మిదింటికి నరహరి ఫోన్ మోగింది. "సరే సార్" అని నాలుగుసార్లు అన్నాడు.

"పోలీస్ స్టేషన్ నుంచి. ధరణిని తోలుకొని పదకొండింటికి రమ్మన్నరు."

ధరణి గదిలోంచి వచ్చింది.

"నేనేనని వాళ్ళకెట్ల తెలిసింది? మొఖం కనవడలే, పేరు లేదు. మీ ఇద్దరికి, కెమెరా పట్టిన అలేఖ్యకు తప్ప ఎవ్వలకు తెల్వదు."

"అలేఖ్యనే చెప్పుంటది," అన్నాడు నరహరి, మాట పూర్తికాకముందే.

"చిన్నప్పటి దోస్తు బాపూ అది." ధరణి కళ్ళు తుడుచుకుంటూ ఫోన్ తీసింది. "నువ్విట్ల చేస్తవనుకోలే అని అడుగుత."

భాగ్యకు అప్పుడు తట్టింది. స్టేషన్ వాళ్ళు ఫోన్ చేసింది ధరణికి కాదు, ఈయనకి. ఈయనేమో కూతుర్ని చూడకుండా బీరువా మీది ఆకుపచ్చ ఫైలునే చూస్తున్నాడు. లేచి ఫైలు దించింది. పైనున్న కాగితం మీదనే ఉంది.

"విషయం: నా కుమార్తె ధరణి పాడిన పాటకు క్షమాపణ." కింద ఫ్లాటు నంబరు, ఆయన ఫోన్ నంబరు, ధరణి ఐడీ కార్డు జిరాక్సు. మూలన అర్జీ అందినట్టు స్టేషన్ గుండ్రటి స్టాంపు. మొన్నటి తేదీ.

"ఏంది సారూ ఇది?" అంది భాగ్య.

"వాళ్ళు రాకముందే మనమే పోతే మంచిగ చూస్తరనుకున్న."

"వెతుకుతున్నరా వాళ్ళు?"

నరహరి గోడకు ఆనుకున్నాడు. "లేదు. ఆ ఎస్సై పాటనే వినలే. నేనిచ్చినంక, నా ముందటనే ఫోన్ల పెట్టుకొని విన్నడు."

నవ్వు రావలసిన చోట భాగ్యకు ఏడుపు వచ్చింది. ధరణి అలేఖ్యకు ఇంకా కలపని ఫోన్‌ను టేబుల్ మీద పెట్టేసింది.

"నన్నొక్క మాట అడగాలె గద బాపూ."

భాగ్య కింది అంతస్తులో ఉండే వకీలు స్నేహలతకు ఫోన్ చేసి, చీర మార్చుకుని వచ్చింది. "ముగ్గురం పోదాం. వకీలమ్మ నేరుగ స్టేషన్‌కే వస్తదట. ఈసారి ఎవ్వలు ఏం రాయొద్దు."

గుమ్మం దగ్గర నరహరి చేయి అలవాటుగా జేబులోని పెన్ను మీదికి వెళ్ళింది. తీసి, చెప్పుల స్టాండు మీద పెట్టేశాడు. కూతురి చేతిని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"నీ పాటల తప్పు లేదు బిడ్డా. తప్పు నేను చేసిన. అలేఖ్య మీదికి తోసుడు ఇంకో తప్పు. స్టేషన్ల గూడ గిదే చెప్త, నోటితోని."