నాలుక చెప్పిన జాతి

ఉదయం పదింటికి జాతిదర్శిని ఏడో గుట్టను చూడడం ముగించింది. అరచేతిలో ఇమిడే ఆ పరికరం రాయిని ముట్టదు, గీకదు. కాంతి పారించి, బండకు అతుక్కుని పెరిగే నాచులాంటి పొర ఏ ప్రజాతిదో, ఏ జాతిదో రెప్పపాటులో చెబుతుంది. నగరాల్లో ప్రతి గోడకూ రాతిపొరను పెంచి, దానిచేత ఎండనూ పొగనూ తాగిస్తున్న కాలం అది. అరుదైన పొర ఉన్న గుట్టను విత్తనానికి కాపాడేవారు. మామూలు పొర ఉన్నదాన్ని ఇళ్ల రాయికి కోసేవారు.

“ప్రజాతి, పొక్కుపొర. జాతి, సాధారణం. కోతకు యోగ్యం,” అంది జాతిదర్శిని.

కోతయంత్రం కదిలింది. దానికి అడ్డంగా వెళ్లి నిలబడింది వల్లెపు ఈరమ్మ. ఏడు తరాలుగా రాయి కొట్టిన వంశం ఆమెది. ఇప్పుడు కోత దగ్గర నీళ్లు చల్లడమే మిగిలింది, అదీ దర్జాగానే చేసేది.

“ఆపుండ్రి సారూ! ఆరో గుట్ట పొక్కు, గీ పొక్కు ఒక్కటి కాదు. గిది చేదుంటది. గీ గుట్ట పోతే గిది మల్ల దొరకది.”

వర్గీకరణాధికారి సుధాంశు నవ్వాడు. “నరం లేని నాలుక, ఎటైనా తిరుగుతుందమ్మా. యంత్రం మూడు లక్షల నమూనాలు చూసింది.”

“సూసింది గని, నాకి సూసిందా?”

కూలీలు పకపకా నవ్వారు. సుధాంశుకు పంతం వచ్చింది. పక్కనున్న ఆరో గుట్ట పొక్కును వేలితో గీకి నోట్లో పెట్టుకున్నాడు. చప్పగా, మట్టిలా ఉంది. ఏడో గుట్టది తగిలీ తగలగానే వేపాకు నమిలినట్టు మొహం ముడుచుకుపోయింది. పుట్టి బుద్ధెరిగాక అంత చేదు ఎరగడు. చెయ్యెత్తి కోతను ఆపించాడు.

ప్రయోగశాలలో పొరను నూరి చూస్తే, చేదుకు కారణమైన ఆమ్లం బయటపడింది. రూపం ఒకటే, జాతి వేరు. గుట్ట నిలిచింది. కొత్త జాతికి ‘ఈరమ్మ పొక్కుపొర’ అని పేరు పెట్టారు.

చిక్కల్లా ఆ తర్వాతే వచ్చింది. మూడు లక్షల నమూనాలనూ ఒక్కొక్కటిగా నూరాలంటే ఏళ్లు పడుతుంది, అందుకే మళ్లీ నాలుకతో చూడాలి. ఏం తినాలో కూడా యంత్రాలనే అడిగే జనానికి చేదేదో, వగరేదో తెలియదు. చివరికి వర్గీకరణ శాఖ ఒక ప్రకటన వేసింది: “చేదు తెలిసినవారు కావలెను. చదువుతో పని లేదు.”

వడ్డెరవాడ నుంచి నలభైమంది వచ్చారు. వాళ్లూ చాలలేదు. అధికారులకే నేర్పాల్సి వచ్చింది.

మొదటి రోజు ఈరమ్మ కొంగు నడుముకు చుట్టుకుని గదిలోకి వచ్చింది. సుధాంశుతో సహా పన్నెండుమంది అధికారులు నాలుకలు చాచి వరసగా కూర్చున్నారు. ఆమెకు గర్వంతో గుండె నిండిపోయింది.

“ఎంతెంత చదువులోల్లు!” అంది తనవాళ్లవైపు తిరిగి. “ఇయ్యాల రాయి కొట్టెటోల్ల బడిల కూసున్నరు.”