పెంకుల ఫ్యాక్టరీ ఎత్తు మీద ఈల

"ఈల వేసే పిట్టా, ఇటు రాకే పిట్టా,
చీకటింట పాపాయి..."

ఆపైన ముక్క గుర్తు రాదు ఆ అమ్మాయికి. చిన్నప్పటి పాట. మూతబడ్డ పెంకుల ఫ్యాక్టరీ పక్క ఎత్తు ఎక్కేటప్పుడల్లా ఆ కాస్తే గొణుక్కుంటుంది.

ఆ చోటికి చెడ్డ పేరుంది మరి. ఈల ఊదుతూ గస్తీ తిరిగే కాపలావాడు ఆ గేటు దగ్గరే పోయాడట. చీకటి పడ్డాక బండ్లని పట్టుకుంటాడట... ఇది చెప్పేది ఎవరనుకున్నారు? కొండంత లారీలు తోలే మీసాలరాయుళ్లు! చచ్చినవాడికి వీళ్ల బండ్లు ఆపడం తప్ప వేరే పని లేదు పాపం.

కానీ ఆమె పికప్పు నిజంగానే ఆగుతోంది. ఆస్పత్రికి ఉతికిన దుప్పట్లు చేర్చే బండి. మూడు రాత్రులు వరసగా, ఎత్తు మధ్యలో సన్నగా ఈల... రెండు దగ్గులు దగ్గి బండి చచ్చి ఊరుకుంది. ఈసారి తొమ్మిదిలోపు రాకపోతే పని ఇంకొకరికిస్తామని ఆస్పత్రివాళ్లు తేల్చేశారు.

ముగ్గురు మెకానిక్కులు చూశారు. ఒకడు ఇంజన్‌కి గాలి వదిలే థ్రాటిల్ విప్పి మసి కడిగాడు. ఇంకొకడు దాన్నే మార్చేశాడు. మూడోవాడు మహా మేధావి, దారి మార్చుకోమన్నాడు.

నాలుగో రాత్రి మేనమామ ఎక్కి పక్కన కూర్చున్నాడు. పాత మెకానిక్కు. చెయ్యి మంచిది, నోరే కాదు.

"షెడ్డులో, చదును నేల మీద, న్యూట్రల్లో పెట్టి చూశారు కదూ? మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి కుంటితనం వెతికే మొనగాళ్లు!"

ఎత్తు వచ్చింది. ఈల... బండి ఆగింది.

"అదిగో మామయ్యా..." ఎదురుగా ఉన్న ఫ్యాక్టరీ గేటు చూపించింది ఆమె.

"ఉండు, పలకరించి వస్తా." టార్చి పట్టుకుని దిగి బానెట్ ఎత్తాడు. "స్టార్ట్ చెయ్. హ్యాండ్ బ్రేకు లాగి, ఫస్ట్ గేరులో క్లచ్ సగమే వదులు."

ఇంజన్ ఒక పక్కకి ఒరిగింది. ఈల! ఫిల్టరు నుంచి థ్రాటిల్‌కి గాలి తెచ్చే రబ్బరు గొట్టాన్ని కింద నుంచి నొక్కాడు. ఆగింది. వదిలాడు... మళ్లీ ఈల.

"ఇదీ నీ కాపలావాడు! మడతలో చీలిక. బరువుకి ఇంజన్ ఒరిగితే నోరు తెరుస్తుంది, దొంగగాలి దూరుతుంది, బండి చస్తుంది. ఆపెయ్, టేపు చుడతా."

ఆమె ఇంజన్ ఆపి తాళంచెవి చేతిలోకి తీసుకుంది.

"మిగిలిన టేపు ఆ మీసాలకి చుట్టాలి," అంటూ బానెట్ దభీమని మూశాడు. ఆమెకీ నవ్వొచ్చింది. టైము ఎనిమిదిన్నరే.

అప్పుడు... ఈల.

నిదానంగా, పొడుగ్గా — గేటు లోపల నుంచి.

మామయ్య ఎక్కి, చప్పుడు కాకుండా తలుపేసుకున్నాడు. "ఇంకో చీలిక ఉందా మామయ్యా?" అంది ఆశగా.

దుప్పట్లు తొమ్మిదికి ముందే చేరాయి. కానీ ఆ రాత్రి ఆ నోటిదురుసు మనిషి ఆమెతో చివరిగా అన్నది అక్కడే, గేటు ఎదురుగానే —

"ఆ ఈలకి గొట్టం లేదు తల్లీ... వెనక్కి చూడకుండా పోనియ్."