బూడిద గీతల సాక్ష్యం

"గొల్లభామ చీర ఉందా?"

"ఎన్ని బొమ్మలుండాలె?"

"ఒక్కటే. అదీ తలకాయ లేనిది."

కోడ్ సరిపోయింది. సిద్దిపేట చీరల దుకాణం వెనక గది తలుపు తెరుచుకుంది. ఏజెంట్ ప్రసూన కూర్చోకముందే చీఫ్ దత్తాత్రి బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

"ధాన్యకవచ్. ఇన్సూరెన్స్ స్టార్టప్. వడ్ల కుప్పలకు బీమా. సర్వేయర్ లేడు, కాగితం లేదు. డ్రోన్ ఫోటో తీస్తది, ఏఐ చూస్తది, నాలుగు నిమిషాలల్ల క్లెయిమ్ తేలుస్తది."

"మంచిదే కద సార్?"

"మంచిదే ఉండె. పోయిన నెల ఓ విదేశీ ముఠా గుట్టుగ కొన్నది. వాళ్ల ఫోన్ కాల్ ఒకటి దొరికింది. ఇప్పటికే నాలుగు వేల క్లెయిములు రిజెక్ట్ చేసిన్రు. రేపు మధ్యాహ్నం పన్నెండు కొట్టంగనే ఫోటోలన్నీ డిలీట్, ముఠా మాయం. కానీ మోసమని చెప్పే సాక్ష్యం లేదు. మేనేజర్‌గ లోపలున్న మన మనిషి వర్షిత, ఫోటోలు అసలువే అంటుంది."

మర్నాడు పొద్దున ప్రసూన నంగునూరులో ఉంది. క్లెయిమ్ పెట్టిన రైతు అంజమ్మ వడ్ల కుప్ప దగ్గర ముక్కిన వాసన. వానకు తడిసిన వడ్లకు మొలకలొచ్చేశాయి.

అంజమ్మ ఫోను చూపించింది. డ్రోన్ ఫోటో, కింద వాన మర్నాటి తేదీ. 'మీ ధాన్యం పొడిగా ఉంది. క్లెయిమ్ తిరస్కరించాం.' చివర ఓ నవ్వు బొమ్మ.

"మొలకలొస్తే ఎండినయంటరేంది బిడ్డా? మళ్ల అడుగుదామంటే ఈ ఫోను ముఖం చూపియ్యమంటది. పదిసార్లు చూపిచ్చిన. నువ్వు నువ్వు కావంటది."

ప్రసూనకు ఒళ్లు మండిపోయింది. ఆ నవ్వు బొమ్మ పెట్టినవాడి చెంప పగలగొట్టాలనిపించింది. ఫోటోను పెద్దది చేసింది. కుప్ప నిండా తెల్లటి గీతలు.

"ఇవేంది అవ్వా?"

"బూడిద గీతలు. కుప్ప పోసినంక గీస్తం. ఎవలన్న వడ్లు తీస్తే గీత చెదురుతది, తెలుస్తది గద. మొన్నటి వానకు మొత్తం కొట్టుకపోయినయి."

అంటే ఫోటో వానకు ముందుదే. తేదీ దొంగది. ఫోటోలు అసలువే అన్న వర్షితా దొంగే. తేదీ మార్చింది ఊరి మనిషైతే ముందు ఫోటోలో ఆ గీతలే చెరిపేసేవాడు. ముఠాకు అవి ఏవో మరకల్లా కనిపించాయి.

పదకొండు యాభై ఎనిమిది. ఏసీ మెకానిక్ వేషంలో ప్రసూన ధాన్యకవచ్ సర్వర్ రూములో ఉంది. స్క్రీన్ మీద కౌంట్‌డౌన్. కింద ఒక లైను: 'ఆపడానికి మేనేజర్ ముఖం చూపండి.'

ఖరీదైన సెంటు వాసన. వెనక పిస్టల్ క్లిక్.

"కదలకు ప్రసూనా," అంది వర్షిత. ఎర్రటి లిప్‌స్టిక్, చెదరని కొప్పు.

"రెండు దిక్కుల జీతమా?"

"నాలుగు మొలకల కోసం సస్తవా? డేటా ముందర ఏడిస్తే నడవదు."

"డేటా కాదే, నీ దొంగతనం!"

ప్రసూన చేతి గాజు నొక్కింది. అది సైరన్‌లా అరిచింది. వర్షిత ఉలిక్కిపడ్డ అర క్షణంలో టూల్‌బ్యాగ్ ఆమె మణికట్టును తాకింది. పిస్టల్ జారింది. ప్రసూన ఆ కొప్పు పట్టుకుని ముఖాన్ని కెమెరా వైపు తిప్పింది.

అంజమ్మను పదిసార్లయినా గుర్తుపట్టని యంత్రం ఈ ముఖాన్ని రెప్పపాటులో గుర్తుపట్టింది. 11:59:59. హోల్డ్.

వారం తిరక్కుండా మనుషులే వచ్చి కుప్పలు చూశారు. అంజమ్మ క్లెయిమ్ పాసైంది. ఆమె ప్రసూన చేతిలో ఓ కాగితం పొట్లం పెట్టింది. లోపల పొయ్యిలోని బూడిద.

"మీ ఆఫీసుల కంప్యూటర్ల మీద గీయి బిడ్డా. ఎవలు చెయ్యి పెట్టిన్రో తెలుస్తది."

దత్తాత్రి ఆ పొట్లాన్ని బీరువాలో పెట్టి, రిజిస్టర్లో రాసుకున్నాడు: సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్, ఒకటి.